చలిలోనే బయటపడే జబ్బు

నేను ఒక హీటర్ ప్లగ్గుని. పేరు విని పెద్ద యంత్రమనుకోకండి, మీ చూపుడువేలంత ఉంటాను. డీజిలు కారు ఇంజనులో సిలిండరుకొకరం చొప్పున నలుగురం అన్నదమ్ములం. పొద్దున్నే ఇంజను మంచుగడ్డలా ఉన్నప్పుడు డీజిలు అంటుకోవడానికి కాస్త వేడి కావాలి. తాళం తిప్పగానే మేం ఎర్రగా కాలి ఆ వేడి ఇస్తాం. బండి కదిలాక మమ్మల్ని తలుచుకునేవాళ్ళుండరు. ఏరు దాటి తెప్ప తగలేయడం మనుషులకి కొత్త కాదులెండి.

మా మొదటి యజమాని విశాఖపట్నంలో కాంట్రాక్టరు. అక్కడి ఉక్కపోతలో మాకు పనేముంది, హాయిగా కూర్చుని తిన్నాం. ఆయనకి మోజు తీరాక కారుని లంబసింగిలో గెమ్మెలి బలరాం కొన్నాడు. అతను షికార్లకి కొనలేదు. భార్య చిలకమ్మకి మూత్రపిండాలు పాడైపోయాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో ఆమెని ఘాటీ రోడ్డు దింపి నర్సీపట్నం తీసుకెళ్ళి, ఏడింటికల్లా రక్తం శుద్ధిచేసే మిషను దగ్గర కూర్చోబెట్టాలి. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితేనే అందుతారు. చలికాలంలో ఆ వేళకి లంబసింగిలో గడ్డిమీద మంచు తెల్లగా పేరుకుని ఉంటుంది.

మొదటి రెండేళ్ళు బాగానే లాగాం. తర్వాత నా అన్నదమ్ములు ఒకరి వెనక ఒకరు లోపలి తీగ తెగి పోయారు. ముగ్గురు పోయినా డాష్‌బోర్డు మీద మా పేర వెలిగే దీపం మాత్రం ఎప్పటిలా వెలిగి ఆరేది. మేం ఉన్నామో పోయామో దానికి తెలీదు. బలరాం అది ఆరేదాకా భక్తిగా ఆగి తాళం తిప్పేవాడు. ఇంజను గిరగిరా తిరిగేదే తప్ప అందుకునేది కాదు. నేనొక్కణ్ణీ కాలితే ఒక్క సిలిండరు దగ్గినట్టు కొట్టుకునేది. వెనక సీట్లో రెండు దుప్పట్లు కప్పుకుని చిలకమ్మ ఆ చప్పుడు వింటూ కూర్చునేది.

బలరాం ప్రతిసారీ నర్సీపట్నంలో మెకానిక్కు సన్యాసిరావుకి చూపించాడు. మధ్యాహ్నపు ఎండ, ఘాటీ దిగొచ్చిన ఇంజను. తాళం తిప్పితే ఒక్క దెబ్బకి లేచేది. సన్యాసిరావు బ్యాటరీ మార్చాడు, ఫిల్టరు మార్చాడు. ఒక రాత్రి బండి వదిలి వెళ్ళమన్నాడు కూడా. కానీ మిషను మీంచి లేచిన చిలకమ్మని అదే కార్లో ఇంటికి చేర్చాలి. చల్లారేదాకా ఆగే తీరిక ఆ కారుకి లేదు. మా జబ్బు కొండమీద చలిలో పుట్టి, వైద్యుడి ముందుకొచ్చేసరికి మాయమయ్యేది.

దాంతో బలరాం కొండవాళ్ళందరూ చేసే పనే చేశాడు. రోజూ సాయంత్రం కారుని వాలులో పెట్టేవాడు. పొద్దున్నే బ్రేకు వదిలి దొర్లించి, గేరు వేస్తే తెల్లటి పొగ కక్కుతూ ఎలాగో అందుకునేది. ఒక చలికాలమంతా అలాగే గడిచింది. రోగం అలాగే ఉంది, మందు మాత్రం అలవాటైపోయింది.

మరుసటి డిసెంబరులో ఒక శుక్రవారం, మంచు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ వాలు అడుగున అడ్డంగా మూడు కార్లు పెట్టి కొండెక్కారు. ఏ చలికి మేం చస్తున్నామో దాన్ని ఫొటోలు తీసుకోవడానికి వచ్చారు పాపం. బలరాం వాళ్ళకోసం పరుగెత్తాడు, కేకలేశాడు, తిరిగొచ్చి తాళం తిప్పాడు. నేను ఒళ్ళంతా కాల్చుకున్నాను. నలుగురి పని ఒక్కడి వల్ల కాలేదు. నా చేతకానితనానికి నాకే ఏడుపొచ్చింది. వాళ్ళు దిగొచ్చి కార్లు తీసేసరికి ఎనిమిదైంది. నర్సీపట్నం చేరేసరికి ఆమె వంతు ఇంకొకరికి వెళ్ళింది, రేపు పొద్దున్నే రమ్మన్నారు.

మర్నాడు ఐదింటికి బలరాం దుప్పట్లు పట్టుకుని వచ్చాడు. చిలకమ్మ మంచం దిగలేదు.

"నానింక రాను మావా. ఆ కార్లో కూకుని అది లేత్తాదా నేదా అని సూడ్డం నా వల్ల కాదు."

అతను బతిమాలాడు, తిట్టాడు, కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మంగళవారం పొద్దున్న పోయింది.

చిలకమ్మ దినానికి సన్యాసిరావు ముందురోజే వచ్చి అక్కడే పడుకున్నాడు. తెల్లారి సామాన్లకి వెళ్ళాలని బలరాం తాళం తిప్పితే, ఆ చప్పుడు అతను మొదటిసారి విన్నాడు. వెంటనే బానెట్టు ఎత్తి, మా తీగ విప్పి, బ్యాటరీకి కట్టిన చిన్న బల్బుని ఒక్కొక్కరికీ ఆనించాడు. ముగ్గురి దగ్గర వెలగలేదు. నా దగ్గర వెలిగింది. అతను బల్బు చేతిలో పట్టుకునే బలరాం వైపు తిరిగాడు.

"చల్లగున్నప్పుడు ఒక్కపాలి సూసుంటే అయిదు నిమిషాల పని బాబూ."

"చల్లారేదాకా బండి అక్కడుంచేత్తే దాన్ని దేనిమీద ఇంటికి తెచ్చుకుందును?" అన్నాడు బలరాం.

సాయంత్రానికి సన్యాసిరావు నాలుగు కొత్త ప్లగ్గులు తెచ్చి బిగించాడు. మారిస్తే నలుగుర్నీ ఒకేసారి మార్చాలట, అందుకే బతికున్న నన్నూ తీసేశాడు. ఇప్పుడు నేను కిటికీలో, చిలకమ్మ మాత్రల డబ్బాలో, చచ్చిన ముగ్గురితో కలిసి ఉన్నాను. ఆ మాత్రలు కూడా ఇంకా అయిపోలేదు.

ఇక్కణ్ణించి కారు కనిపిస్తుంది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఐదింటికి బలరాం అందులో కూర్చుని దీపం ఆరేదాకా ఆగుతాడు. తాళం తిప్పితే ఒక్క దెబ్బకి అందుకుంటుంది. కాసేపు విని, ఆపేసి, ఇంట్లోకి వచ్చేస్తాడు.