గాజు కిటికీ అవతలి మాట

ఇంకా తడి ఆరని సున్నం మీద ఏజెంటు థ్రెల్ఫాల్ చేతికర్ర మొనతో గీత గీశాడు. గోడ పొడవునా ఒకటే గీత.

"బాగానే కొట్టారు," అన్నాడు.

ఎల్సీ చేతిలో కుంచె అలాగే ఉండిపోయింది. లాంకషైర్ లోయలోని ఆ ఊళ్ళో మిల్లు మూతపడి రెండేళ్ళు. పాడుబడ్డ నూలు గోదామును బాగుచేసుకుంటే, కొండలెక్కడానికొచ్చే పట్నం కార్మిక కుర్రకారుకు బసగా నడుపుకోవచ్చని మిల్లు యజమాని తరఫున మాటిచ్చింది ఈ థ్రెల్ఫాలే. పనిలేని చేతులన్నీ కలిసి కప్పు వేశాయి, గడ్డి పరుపులు కుట్టాయి. బస చూసుకునే పని ఎల్సీకి, ఆమె మొగుడు విల్ఫ్‌కు ఇవ్వాలని ఊరు తీర్మానించింది. అది పోతే విల్ఫ్ పని వెతుక్కుంటూ దక్షిణాదికి పోవాల్సిందే. పెళ్ళై మూడు నెలలు. పెళ్ళికొచ్చిన గులాబిపూల గుడ్డనే ఎల్సీ కిటికీకి పరదా కుట్టింది. అది గాలికి ఉబ్బినప్పుడల్లా పని ఆపి, చూసి మురిసిపోయేది.

థ్రెల్ఫాల్ బయటికెళ్ళి కారు దగ్గర పోలీసు జవానుతో మాట్లాడుతున్నాడు. కిటికీ మూసి ఉంది, చప్పుడు లోపలికి రాదు. కానీ ఎల్సీ పద్నాలుగేళ్ళు మరమగ్గాల మోతలో బతికింది. ఆ మోతలో మాట వినపడదు. పెదాలు చూసి పట్టుకోవాలి. మగ్గాల మీద పనిచేసిన ఆడవాళ్ళందరికీ ఆ విద్య వచ్చు. పక్కింటి హన్నా అత్త కూడా అటే చూస్తోంది.

"చూశావటే?"

"చూశానత్తా."

ఆ సాయంత్రం గోదాములోనే మీటింగు.

"థ్రెల్ఫాల్ శనివారం తాళం వేస్తాడట," అంది ఎల్సీ. "ఊరికే వచ్చే చాకిరీ, అప్పటిదాకా చెయ్యనీ అన్నాడు. ఈ గదులన్నీ, గేటు వేసి మనల్ని రానివ్వని యజమాని కొండ మీద వేటకొచ్చే దొరలకట."

"వాడి మీసం మూతినే మింగేసింది. అందులో ఇంత కథ కనపడిందా నీకు?" అన్నాడు బండి తోలే ఆమోస్. మగాళ్ళు గొల్లున నవ్వారు.

"నవ్వరా నవ్వు," హన్నా అత్త లేచింది. "ముప్పై ఏళ్ళు మీ ముందే, పెదాలతోనే మిమ్మల్ని ఏమేం తిట్టుకున్నామో అదీ మీకు తెలీదు!"

నవ్వు ఆగింది.

"పోనీ, వెళ్ళి ఓసారి అడుగుదాం," ఆమోస్ నసిగాడు.

"మిల్లు మూసినప్పుడూ అడిగాం. ఏం ఒరిగింది?" విల్ఫ్ గొంతు లేచింది. "లోపల మనుషులుంటే తాళం ఎలా వేస్తాడు? శుక్రవారమే నింపేద్దాం."

శుక్రవారం పట్నం మిల్లుల కుర్రాళ్ళు, అమ్మాయిలు వీపున సంచులతో దిగారు. ఊరివాళ్ళతో కలిసి నలభై పరుపుల మీద డెబ్బైమంది. "నా పెళ్ళిలో కూడా ఇంతమందికి టీ పొయ్యలేదు," అని ఎల్సీ నవ్వింది.

శనివారం పొద్దున్నే థ్రెల్ఫాల్ తాళంతో, పోలీసులతో వచ్చాడు.

"ఇది మా కట్టడం. బయటికి నడవండి! ఎవడు మీ నాయకుడు?"

ఎవరూ కదల్లేదు. ఎల్సీ గోడ చూపించింది.

"సున్నం కొట్టింది నేను. గీత గీసింది నువ్వు. ఎవరిదో నువ్వే చెప్పు."

రెక్కలు విరిచి ఆమెను లాక్కుపోయి వ్యానులో పడేశారు. విల్ఫ్ తలుపు వైపు దూకాడు. వ్యాను అద్దం వెనక ఎల్సీ పెదాలు కదిలాయి. అతను బాయిలర్ దగ్గర పనిచేసినవాడు, ఆ విద్య రాదు.

"ఏమంటోందత్తా?"

"ఒక్కరూ లేవొద్దంటోంది. నువ్వు కూడా."

విల్ఫ్ వెనక్కొచ్చి పరుపు మీద కూర్చున్నాడు. ఏడుస్తూనే కూర్చున్నాడు.

పదకొండు రోజులు ఎవరూ లేవలేదు. పన్నెండో రోజు యజమాని దిగొచ్చాడు, తాళం వెనక్కి పోయింది. ఎల్సీకి మాత్రం రెండు నెలల జైలు.

ఆమె తిరిగొచ్చేసరికి తలుపు మీద ఇత్తడి పలక: 'మిల్లు యజమాని దయతో ప్రసాదించిన బస'. ఆవిష్కరణకు యజమానే వచ్చి తన ఔదార్యం గురించి ఉపన్యసించాడు. ముందు వరుసలో ఎల్సీ, హన్నా అత్త, మగ్గాల ఆడవాళ్ళందరూ. చప్పుడు లేకుండా అందరి పెదాలూ ఒక్కసారే కదిలాయి.

"నువ్విచ్చింది కాదు. మేం పట్టుకున్నది. ఇక తెరిపించేది నీ వేటకొండ గేటు."

ప్రార్థన చేస్తున్నారనుకుని ఆయన టోపీ తీశాడు.