శనక్కాయ పువ్వు అంచు

ధర్మవరంలో ఈశ్వరప్ప నేసిన పట్టుచీరలకు మంచి పేరుండేది. అంచులో ఏ పువ్వు రావాలో, తీగ ఎక్కడ మలుపు తిరగాలో సుద్దతో నేలమీద గీసిచ్చేది మాత్రం అతని భార్య కుళ్ళాయమ్మ. బయటివాళ్ళకు ఆ సంగతి తెలియదు. తెలియాలని ఆమెకూ తోచలేదు.

పందొమ్మిది వందల ముప్పై ఏడులో పెనుకొండ దర్జీ నబీసాబ్ ఒక దొరసానిని వెంటబెట్టుకొచ్చాడు. దొరలకు బట్టలు కుట్టీ కుట్టీ ఇంగ్లీషు నేర్చినవాడు అతను. దొరసాని పేరు మార్జరీ. పెనుకొండలో ఇంజనీరుగా ఉన్న అన్న బంగళాలో దిగింది. లండన్‌లో తన పేరుతో దుకాణం పెట్టి, కొత్తరకం గౌన్లు తయారుచేయాలని ఆమె కోరిక. నేలమీది గీతలు చూసి అక్కడే చతికిలబడింది.

"ఇది నువ్వే గీసినావా అని అడగతాండాది," అన్నాడు నబీసాబ్.

ఆ మాట కుళ్ళాయమ్మను అంతవరకూ ఎవరూ అడగలేదు.

మూడు నెలలపాటు ప్రతి శుక్రవారం ఆమె రైలెక్కి పెనుకొండ పోయింది. బంగళా వరండాలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గీసేవాళ్ళు. మాట కుదరకపోయినా నవ్వు కుదిరేది. అన్నిటిలోకీ శనక్కాయ పువ్వు అంచంటే దొరసానికి ప్రాణం. తన దేశానికి పోయేరోజు ఆమె కుళ్ళాయమ్మ చేతులు పట్టుకుని వదల్లేదు.

"గుడ్డమీద మీ ఇద్దరి పేర్లూ ఉంటాయంట. ఈ అంచులు ఇంకెవురికీ ఇయ్యొద్దంటాండాది," అన్నాడు నబీసాబ్.

"ఇయ్యనని చెప్పన్నా."

దుకాణం పెట్టినట్టు ఒక జాబూ, ఫోటో వచ్చాయి. తర్వాత యుద్ధం వచ్చి జాబులు ఆగిపోయాయి. కుళ్ళాయమ్మ మాత్రం మాట తప్పలేదు. హిందూపురం వ్యాపారి పాపన్న ఆ అంచు కావాలని రెండుసార్లు మనిషిని పంపినా లేదనే చెప్పింది. పనిలేక మగ్గం ఊరకే పడివున్న ఏడాది ఈశ్వరప్ప విసిగిపోయాడు.

"ఆయమ్మ యాడుందో, బతికుండాదో లేదో! ఎవురికోసమే ఈ దాపరికం?"

"మాటిచ్చినా గదా," అందామె. వారం రోజులు అతను ఆమెతో మాట్లాడలేదు.

నలభై ఆరులో నబీసాబ్ కబురంపాడు. దొరసాని హిందూపురం వచ్చింది, పాపన్న అంగట్లో ఉంది. కుళ్ళాయమ్మ పెట్టెలోని చీర తీసి కట్టుకుని రైలెక్కింది.

అంగట్లో పరుపుమీద లండన్ గుడ్డలు పరిచి ఉన్నాయి. అన్నిటి కొసనా శనక్కాయ పువ్వే. కింద ఒక్కటే పేరు, దొరసానిది. దొరసాని ఆమెను చూసి నవ్వి, పాపన్నతో ఏదో చెప్పింది. నబీసాబ్ తల దించుకున్నాడు.

"ఏమనిందన్నా?"

"ఏం లేదులేమ్మా."

"చెప్పు."

"అప్పట్లో దారం చుట్టిపెట్టిన మనిషి అనింది."

పక్కన తెరిచివున్న పత్రికలో దొరసాని బొమ్మ కనబడితే కుళ్ళాయమ్మ నబీసాబ్‌ను చదవమంది. అందులో ఆ పువ్వును చిన్నప్పుడు తన అవ్వ తోటలో చూశానని దొరసాని చెప్పుకుంది. నబీసాబ్ ఆ ముక్క వినిపించాడు.

"ఆ పువ్వు కాడ కిందికెందుకు వంగిందో అడుగన్నా."

దొరసాని గుడ్డవైపు చూసి, అందానికేనంది.

"అది ఊడ. పువ్వు వాడినాక మన్నులోకి దిగతాది. దిగితేనే కాయ. మా నాయన చేన్లో మోకాళ్ళమింద కూచోని చూసినా నేను. చెప్పన్నా!"

అతను చెప్పాడు. దొరసాని మొహం ఎర్రబడింది. రెండు పేర్లుంటే అక్కడివాళ్ళు కొనరని, నీమీద ప్రేమ మాత్రం పోలేదని చెప్పించి, ఒక పట్టు రుమాలు మడిచి చేతిలో పెట్టింది. కుళ్ళాయమ్మ దాన్ని పరుపుమీదే పెట్టి బయటికి వచ్చేసింది.

ఇంటికి రాగానే ఆ అంచునే మగ్గానికి ఎక్కించమంది. నేసిన చీర చూసి పాపన్న, దొరసాని అంచుకు నకలు నాకొద్దని తిప్పి పంపాడు. బత్తలపల్లి, నల్లమాడ పెళ్ళిళ్ళకు మాత్రం జనం అడిగి కొన్నారు. చీర కొనవచ్చిన ఆడపిల్లలు మురిసిపోయేవాళ్ళు.

"ఈ పువ్వు ఎవురు గీసినారక్కా?"

"ఎవురో గీసినారంటమ్మా."

ఒకనాడు ఈశ్వరప్ప ఉండబట్టలేక, "నేనని చెప్పవేమే?" అన్నాడు.

"అంగట్లో చెప్పి చూసినా గదా," అందామె.