నోట్లో ఏముంది?

చొక్కా మెడపట్టీ కింద వేలాడుతున్న దారం కత్తిరించి, చంక కుట్టు దగ్గర ఇంకోటి కత్తిరించి, ఆ చొక్కాను ఎడమవైపు గుట్టలోకి విసిరి, వసపిట్ట కుడివైపు గుట్టలోంచి మరో చొక్కా లాక్కుంది. కత్తెర ఒరుసుకుని బొటనవేలి మొదట్లో కాయ కాసింది. అరవై దగ్గరపడిన మనిషికి వసపిట్ట ఏమిటంటే, అది ఇంట్లో పేరు. ఇక్కడ కుట్టుమిషన్ల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు గనుక, ఆమెకు నోరుందన్న సంగతే కార్ఖానాలో చాలామందికి తెలియదు.

మధ్యాహ్నం మేస్త్రి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అయ్యా, ఇవాళ కాస్త ముందుగా పోతాను. అక్కకి అస్సలు బాగోలేదు."

"మీ అక్కకి ఎప్పుడు బాగుంది కనక? రేపు పండగ. ముందుగా పోవాలని అందరికీ ఉంటుంది. ఆ గుట్ట అవగొట్టి వెళ్ళు."

ఈయనకు చెప్పుకున్నా ఒకటే, గోడకు చెప్పుకున్నా ఒకటే అనుకుని వచ్చి కూర్చుంది. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసంతా ఇంట్లోనే ఉంది. ఆమెకు ఇవాళ ఒకటే కోరిక. అక్క ఆ మాట ఒక్కసారి అనాలి.

ఆ మాట వెనుక ఓ కథ ఉంది. పండగ ముందురోజు వాళ్ళింట్లో అక్రోటు బిస్కెట్లు చేసేవారు. అమ్మ పిండి కలిపేది, అక్క పొయ్యి చూసేది, అక్రోట్లు పగలగొట్టి పప్పు తీసే పని చిన్నదానిది. చిన్నదేమో తిండిపోతు. తీసినదాంట్లో సగం గిన్నెలోకీ సగం పొట్టలోకీ పోయేది. అందుకని అమ్మ ఓ చట్టం చేసింది.

"పప్పు తీసినంతసేపూ నువ్వు మాట్లాడుతూనే ఉండాలి. నోరు ఆగిందంటే దొరికిపోయినట్టే."

పాపం, ఆ పిల్ల ఏం మాట్లాడుతుంది? గోడమీద పిల్లి గురించి, చిరిగిన గొడుగు గురించి, నోటికొచ్చిందల్లా వాగేది. వస పోసినట్టు వాగీ వాగీ పేరు కాస్తా వసపిట్ట అయింది. ఊపిరి తీసుకోవడానికి క్షణం ఆగిందో, లేదో, లోపలినుంచి అమ్మ గొంతు ఖంగుమనేది: "ఏమే, నోట్లో ఏముంది?"

అమ్మ పోయాక పిండి అక్క చేతికొచ్చింది, ఆ కాపలా కూడా అక్కకే వచ్చింది. పెళ్ళి మాట ఎత్తితే "ముందు దీని సంగతి తేలనీ" అంటూ అక్క ఉండిపోయింది. చెల్లెలి సంగతి తేలనూ లేదు. ఇద్దరూ ఆ రెండు గదుల్లోనే ముసలివాళ్ళయ్యారు. బుగ్గన పప్పు దాచుకుని కూడా గలగలా మాట్లాడే విద్య చెల్లెలికి అబ్బింది. అది అక్కకు తెలుసు. అందుకే ఏటా రెండు గుప్పెళ్ళు ఎక్కువే కొనేది.

కిందటేడు అక్కకు మతి పోయింది. ఎవరమ్మా నువ్వు, మా ఇంట్లో ఎందుకున్నావు అని చెల్లెల్నే అడిగేది. వసపిట్ట వంటింట్లోకి పోయి ఏడ్చేది. కానీ పండగ ముందురోజు అక్రోట్లు కొడుతూ కాస్త ఊపిరి తీసుకున్నప్పుడు, మంచం మీదనుంచి పాత గొంతే వచ్చింది: "ఏమే, నోట్లో ఏముంది?" ఆ ఒక్క మాటతో వసపిట్ట మళ్ళీ చెల్లెలైపోయింది. ఆ ఏడాదంతా ఆ మాట తలుచుకునే బతికింది.

గుట్ట అయ్యేసరికి చీకటి పడుతోంది. దారిలో కొన్న అక్రోట్ల సంచీ చంకన పెట్టుకుని బస్సులో నిలబడే ఇంటికి చేరింది. పగలు అక్క దగ్గర కూర్చునే పక్కింటి పిన్నిగారు గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"చెంచాడు నీళ్ళు కూడా మింగలేదమ్మా. పిలిస్తే కళ్ళు తెరవట్లేదు. డాక్టరు చెప్పింది విన్నావుగా. ఇంక ఆశ పెట్టుకోకు తల్లీ."

"మీరు వెళ్ళండి పిన్నిగారూ, ఇంట్లో పనుంటుంది. నేను అక్రోట్లు కొట్టుకుంటాను."

"ఇప్పుడా?"

"మరెప్పుడు?"

వంటింటికీ అక్క గదికీ మధ్య ఒకటే తలుపు. బందుల పక్క సందులో కాయ పెట్టి తలుపు లాగితే టప్‌మని పగులుతుంది. ఏళ్ళ తరబడి అక్రోట్లు నమిలీ నమిలీ ఆ తలుపు అంచంతా సొట్టలు పడిపోయింది.

వసపిట్ట మొదలుపెట్టింది. టప్. "అక్కా, మా మేస్త్రికి ఒళ్ళంతా పొగరే అనుకో." టప్. "నీ గురించి ఎంత మాటన్నాడో తెలుసా? నువ్వయితే ఊరుకునేదానివా, దులిపేసేదానివి." టప్. "వెన్న కొన్నాను, మంచిదే. కిందటేడు నేను కలిపిన పిండి కుదరనే లేదు కదే, ఏది ముందు వెయ్యాలో నువ్వే చెప్పాలి." మంచం వైపునుంచి గురక లాంటి ఊపిరి వినిపిస్తోంది. ఆ ఊపిరికే వంతపాడుతున్నట్టు మాట్లాడింది. పిల్లి గురించీ, గొడుగు గురించీ కూడా చెప్పింది.

గిన్నె సగమైంది. ఇంకో కాయ సందులో పెట్టి తలుపు సగం లాగి, మనసు మార్చుకుని వదిలేసింది. గిన్నెలోంచి పెద్ద పప్పు ఏరి నోట్లో వేసుకుని, మాట ఆపేసింది.

ఎదురుచూసింది. పొయ్యి మీద మూత చప్పుడైంది. వీధిలో ఎవరో నవ్వుకుంటూ పోయారు. నోట్లో పప్పు నానుతోంది గానీ ఆమె నమల్లేదు. అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అనుకుంది.

అక్క అడగలేదు. గురక కూడా ఆగిపోయింది.

లేచి వెళ్ళి చూసింది. అక్క కళ్ళు సగం తెరిచి, తల తలుపు వైపే తిప్పి ఉంది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. వసపిట్ట ఆ చెయ్యి పట్టుకుని నేలమీద కూలబడింది. ఇకమీదట తనను దొంగా అని పట్టుకునే మనిషి ఈ లోకంలో లేదు. మాట్లాడినా, మానేసినా ఎవరికీ పట్టదు.

మాటల సందడి ఆగిపోవడం గోడ అవతల విని పిన్నిగారు పరిగెత్తుకొచ్చింది. మంచం వైపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో తల్లీ! అలా బిగుసుకుపోకు. నోరు తెరిచి ఏడువు. ఏదో ఒకటి మాట్లాడు."

వసపిట్ట తల అడ్డంగా ఊపింది. బుగ్గన పప్పు అలాగే ఉంది. పెదాలు గట్టిగా బిగించి, అక్కకు ఎక్కడ తెలిసిపోతుందోనన్నట్టు ముఖం పక్కకు తిప్పుకుంది.

పిన్నిగారు నలుగురినీ పిలుచుకు రావడానికి వెళ్తూ ఆ తలుపు దగ్గరికి వెయ్యబోయింది. అది పడలేదు. బందుల సందులో పగలని అక్రోటు కాయ ఒకటి ఇరుక్కుని ఉంది.