స్నానశాల గోడమీద పొద్దు

కియోనోకి ఒళ్లు మండిపోతోంది. టోక్యోలో బొమ్మలు గీసేవాళ్లే కరువైనట్టు డబ్బిచ్చి జనం స్నానానికొచ్చే తన స్నానశాల గోడను సొంత చెల్లెలు మిచిరు చేతిలో పెట్టింది. బుద్ధి లేకపోతే సరి!

గుమ్మానికి ఎదురుగా ఉన్న పాత గోడమీద ఫ్యూజీ కొండా, సముద్రమూ బుద్ధిగా ఉండేవి. అవి పెచ్చులూడుతున్నాయని మిచిరు వచ్చి, పిల్లల బొమ్మల పుస్తకాల్లోలా లావుపాటి నల్లగీతలు గీసి, గులాబీ చుక్కలు పులిమిపోయింది. దీన్ని పాప్ ఆర్ట్ అంటారట. ఆడవాళ్ల వైపుకీ మగవాళ్ల వైపుకీ నడుమ, ఆ గోడదాకా వచ్చి ఆగే అడ్డుగోడకు చెరోపక్క సగం కొండ మిగిలింది, అదే పదివేలు. కానీ కొండ కింద ఆ ఎర్రటి గుండ్రం ఏమిటి?

"ఏమ్మా కియోనో!" తొట్టిలో మెడదాకా మునిగిన హత్సుయే పిన్నిగారు కేకేసింది. రోజూ వచ్చే ముసలమ్మలందరికీ ఆవిడే పెద్ద. "స్నానశాల గోడమీద గుంకే పొద్దు గీయిస్తారుటే? వ్యాపారం ముంచుకుంటావా?"

అడ్డుగోడ అవతలినుంచి ఆవిడ మొగుడు అందుకున్నాడు. "ఇక్కడా ఒకటి గుంకుతోందే! పైగా ఎర్రాకు రాలుతోంది!"

"ఆకు కూడానా! రాలే ఆకు గీస్తే గిరాకీ రాలిపోదూ? రేపటికల్లా చెరిపించు. లేదంటే మేమంతా స్టేషన్ పక్క స్నానశాలకే పోతాం."

వాళ్లు పోతే ఇక్కడ బాయిలర్ ఆర్పుకోవడమే. కియోనో చెల్లెలికి ఫోన్ చేసింది.

"అది సూర్యుడేనా, కాదా?"

"చూస్తే తెలుస్తుందక్కా."

"చూశానే, మహాతల్లీ!"

"ఎక్కడ నిలబడి?"

"దానికో చోటు కూడానా! విప్పి చెప్పి చావు!"

"విప్పి చెబితే చప్పబడిపోతుందక్కా." ఫోన్ పెట్టేసింది. కియోనోకి ఆ ఫోన్ని నేలకేసి కొట్టాలనిపించింది.

మర్నాడు ఇంకా తలుపులు తీయకముందే కియోనో తెల్లరంగు డబ్బా పట్టుకొచ్చింది. పని సరిగ్గా జరుగుతుందో లేదో చూడ్డానికి హత్సుయే, బతిమాలడానికి మిచిరు వచ్చారు. తలకు తువ్వాలు కట్టుకుందామని కియోనో గుమ్మం దగ్గర తను రోజూ కూర్చునే ఎత్తుపీట ఎక్కింది. కూర్చుని రెండు వైపులా కనిపెట్టే చోటది. ఎప్పుడూ ఆవిరి పట్టి ఉండే అద్దాల తలుపులు ఇప్పుడు బార్లా తీసి ఉన్నాయి. ఎదురుగా అడ్డుగోడ సన్నటి గీతలా మిగిలింది.

అటూ ఇటూ ఉన్న సగాలు కలిసిపోయాయి. కొండ ఓ మొహానికి ముక్కు అయింది. ఎర్రటి గుండ్రాలు రెండూ ఉబ్బిన బుగ్గలు. పైన నల్లగీతలు ముడిపడ్డ కనుబొమలు. ఇక ఆ ఆకు, కోపమొచ్చిన వాళ్ల కణత మీద బొమ్మల పుస్తకాల్లో వేసే ఎర్రగుర్తు.

"జరుగు, నన్ను చూడనీ," అంటూ హత్సుయే కూడా ఎక్కి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ, అచ్చం నువ్వే!"

"అమ్మ పోయాక ఈ మొహం చూస్తూనే పెరిగాను," అంది మిచిరు కింద నిలబడి. "ఎంత తిట్టినా తిట్టినంతసేపూ నాకు అన్నం వడ్డిస్తూనే ఉండేదానివి. ఆ పీట మీద కూర్చునేది నువ్వొక్కదానివే కదక్కా. నీకోసమే గీశాను."

కియోనో కళ్లు తుడుచుకుని గట్టిగా అరిచింది.

"ఈ ముక్క మొదటే చెప్పి ఏడవచ్చుగా!"

"అదిగో, కణత మీద ఆకు!" అంది హత్సుయే. "ఆ డబ్బా మూత పెట్టి నీళ్లు కాచవే తల్లీ. మా ముసలాయన వచ్చేస్తాడు."