భూలక్ష్మి రంగు

సుప్రజ నలుపే. అది చాలదన్నట్టు, టీవీ కామెడీ సీరియల్లో ‘బొగ్గు భూలక్ష్మి’ వేషం కోసం మేకప్ మ్యాన్ ఆమె మొహానికి ఇంకో నల్లపూత వేసేవాడు. భూలక్ష్మి గదిలోకి రాగానే మామగారి పాత్ర “కరెంటు పోయిందా ఏంటి?” అనాలి. ఆమె కొంగుతో మొహం దాచుకోవాలి. వెనక నుంచి నవ్వులు. ఏళ్ల తరబడి ఇదే. తనకు పేరు తెచ్చింది ఆ నవ్వే గనక సుప్రజ ఏనాడూ ఎదురు చెప్పలేదు.

ఓసారి తిరువూరులోని పుట్టింటికి వస్తే, అక్క కూతురు హాసిని గదిలోంచి బయటికి రాలేదు. పిన్ని రంగే వచ్చిన తనను కూడా స్కూల్లో పిల్లలు బొగ్గు భూలక్ష్మి అంటున్నారట.

“వాళ్లననేముందిలే పిన్నీ. డబ్బులు తీసుకుని నువ్వే అనిపించుకుంటున్నావుగా,” అంది తలుపు అవతల నుంచి.

సుప్రజ ఆ రాత్రే బస్సెక్కింది. మర్నాడు హైదరాబాదు చేరి, నేరుగా సెట్‌కి వెళ్లి పూత వద్దంది.

దర్శకుడు వంశీకృష్ణ నవ్వాడు. “ఆ నలుపే కదండీ మనకి అన్నం పెడుతోంది!”

“నా నలుపు నాకుంది సార్. డబ్బాలోది మీరే ఉంచుకోండి.”

టైము లేక అలాగే షాట్ పెట్టారు. మామగారు మామూలుగానే కరెంటు మాట అన్నాడు. సుప్రజ కొంగు ముట్టుకోలేదు.

“కరెంటు ఉంది మావయ్యా. పోయింది మీ చూపే!”

లైట్లు పట్టుకున్నవాళ్లు సైతం పగలబడి నవ్వారు. వంశీకృష్ణ నవ్వలేదు. రాసిందే చెప్పమన్నాడు. ఆమె మళ్లీ చూపు మాటే చెప్పింది. ఆ వారమే భూలక్ష్మి పుట్టింటికి వెళ్లిపోయిందని చెప్పించి, పాత్రను తీసేశారు.

సుప్రజ నిజంగానే పుట్టింటికి వచ్చింది. అక్క శ్రీవల్లి లబోదిబోమంది.

“నోటి దగ్గర కూడు కాలదన్నుకున్నావు కదే!”

“ఎంగిలి విస్తరి ముందు నుంచి లేచానక్కా, అంతే.”

పత్తి తీతలు ముగిశాక, ఆ కూలికెళ్లే ఆడవాళ్లను పోగేసి ఊరూరా హాస్య నాటికలు మొదలుపెట్టింది. ఎ.కొండూరులో మైకు మూగబోయింది. ఇంకోచోట ఎవడో ఈల వేసి “బొగ్గూ!” అని అరిస్తే, వాణ్ణి స్టేజీ ఎక్కించి మామగారి వేషం కట్టించింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. హాసిని మాత్రం చాన్నాళ్లు రాలేదు. వచ్చిన రోజున కూడా చివరి వరసలోనే కూర్చుంది.

ఆ సాయంత్రం, గంపలగూడెంలో, తెర లేవబోతుండగా వంశీకృష్ణ ఫోన్ చేశాడు.

“జనం మిమ్మల్నే అడుగుతున్నారండీ. పూత వద్దులెండి. ఆ కరెంటు జోకు మాత్రం ఉంచుదాం.”

“జోకు మీరే ఉంచుకోండి సార్. మనిషిని నేనుంచుకుంటా.”

ఫోన్ పెట్టేసి, నుదుటి చెమట తుడుచుకుని, సుప్రజ వెలుగులోకి నడిచింది.