ఎర్ర అట్ట చేతికొచ్చిన రోజు

ఎక్కొచ్చంటే పచ్చ అట్ట, ఎక్కొద్దంటే ఎర్ర అట్ట. వాటిని పరంజా మొదట్లో వేలాడదీసే హక్కు మా గుంపులో ఇన్నాళ్ళూ నాన్నదే. ఆయన మేస్త్రి. నాలుగంతస్తుల గ్రంథాలయానికి వేసిన పరంజాను విప్పే పని మాత్రం నాకప్పగించాడు. "ఇవాళ నీ మాటే మాట. అందరూ క్షేమంగా దిగితే అట్టలు ఇక నీవే," అన్నాడు. రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. గొట్టాలన్నీ దిగి, ఆ పసుపు గోడ ఎండలో బయటపడేది ఎప్పుడా అని కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

గోడకు రంగు వేసింది మా ఆయనే. మేనత్త కొడుకు కాబట్టి నాకింకా బావే. మనసు వెన్న, చేతికి తొందరెక్కువ.

నేను వచ్చేసరికే బావ నాలుగో అంతస్తు ఎత్తున, పరంజా చెక్క మీద నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

"నీ పని సగం చేసిపెట్టానే. పై రెండంతస్తుల్లో గోడ బిగింపులు విప్పేశాను. ఎలాగూ విప్పేవే కదా. వాటి మచ్చలకు రంగు కూడా పూసేశాను."

నా పైప్రాణాలు పైనే పోయాయి. అంత ఎత్తు పరంజా గోడను పట్టుకుని నిలబడేది ఆ బిగింపులతోనే. పైనుంచి విప్పుకుంటూ దిగాలి, బిగింపు దాకా వచ్చాకే బిగింపు విప్పాలి. రంగు పనివాళ్ళకు అవి మచ్చ మిగిల్చే పీడ, మాకు ప్రాణం. పైగా దుమ్ముకు అడ్డంగా కట్టిన వల ఇంకా ఉంది. గాలి లేచింది, వల ఉబ్బింది, పైన గొట్టాలు కిర్రుమన్నాయి.

నాన్న వైపు చూశాను. ఆయన ఎర్ర అట్ట నా చేతిలో పెట్టాడు.

"బావా, కిటికీ పక్కన కూర్చో. కదలకు."

"ఎందుకే, నిచ్చెన దిగి వచ్చేస్తా."

"కూర్చోమన్నానా."

కూర్చున్నాడు. ఎర్ర అట్ట తగిలించి, కింద ఎవర్నీ రానివ్వొద్దని నాన్నకు చెప్పాను. ఆ నిచ్చెన ఎక్కెయ్యాలని నా ఒళ్ళంతా లాగింది. మొగుడు పైనుంటే నియమాలు ఎవరిక్కావాలి? కానీ అట్ట తగిలించింది నేనే, అది నాకూ వర్తిస్తుంది. భవనం లోపలి మెట్ల మీదుగా పరిగెత్తాను.

పై కిటికీ ఎంత తోసినా రాలేదు. అదీ మా ఆయన పనితనమే. రెక్కలకూ చట్రానికీ కలిపి రంగు పూసి అంటించేశాడు. అద్దం అవతల అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. అతను కూర్చున్న చెక్క గోడకు జానెడు దూరం జరిగి, మళ్ళీ వచ్చి తగిలింది. పానాతో చట్రాన్ని బాదాను. ఇంకోసారి బాదాను. కిటికీ తెరుచుకుంది. చొక్కా పట్టి లాగితే ఇద్దరం లోపల నేల మీద పడ్డాం.

"రంగు డబ్బా అక్కడే ఉండిపోయిందే," అన్నాడు.

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అతని వీపు మీద ఒక్కటిచ్చి లేచాను.

పడిపోకుండా నడుముకు కట్టుకునే బెల్టును లోపలి స్తంభానికి తగిలించుకుని కిటికీల్లోంచే వల కోసేశాను. గాలి దారి గాలి చూసుకుంది. తర్వాత మూడో అంతస్తు కిటికీల నుంచి మొదలుపెట్టి, కింది నుంచి పైకి ప్రతి బిగింపూ మళ్ళీ బిగించి, లాగి చూశాను. ఆరిన మచ్చల మీదే బిగిస్తుంటే బావ పళ్ళు కొరుక్కున్నాడు.

కిందికొచ్చి ఎర్ర అట్ట తీసి అతని మెడలో వేశాను, దాని చోట పచ్చది తగిలించమని నాన్నకు చెప్పాను. అప్పుడు మొదలైంది అసలు పని. నేను బిగింపు విప్పడం, వెనకే బావ ఆ మచ్చ పూయడం, మావాళ్ళు గొట్టాలు చేతులు మార్చి దించడం. ఒక్క గొట్టం కూడా కింద పడెయ్యలేదు. ఒక్కో అంతస్తూ దిగుతుంటే పసుపు గోడ పైనుంచి వెలుగుతూ వచ్చింది, నాకు ఈల వెయ్యాలనిపించింది, వేశాను కూడా.

చివరి బిగింపు దగ్గర బావ బ్రష్ పట్టుకుని ఆగాడు.

"విప్పావా?"

"విప్పాను."

అప్పుడే పూశాడు.

నాన్న వచ్చి జేబులోంచి పచ్చ అట్ట తీసి నాకిచ్చాడు.

"పొద్దున నీ చోట నేనుంటే, ఆ నిచ్చెన ఎక్కేసేవాణ్ణమ్మా," అన్నాడు.