బిగిసిన మూడు భుజాలు

ఆ ఉదయం మా ఇంట్లో గొడవ మొదలైంది ఇస్త్రీకి నీళ్లు చిమ్మే సీసా గురించి.

"నెల్లాళ్లుగా చొక్కా మీద చేత్తో నీళ్లు చిలకరించుకుంటున్నా. సీసాకేమైనా కాళ్లొచ్చాయా?" అన్నారు మావారు.

"నేనే ల్యాబుకి తీసుకెళ్లా నాన్నా. అక్కడిది పగిలింది, కొత్తది ఇంకా రాలేదు," అంది అమ్మాయి.

"బాగుంది డాక్టరమ్మా! శవాలకేమో సింగారం, కన్నతండ్రికి ముడతల చొక్కానా?"

"ఇంకోటి కొనుక్కోరా పీనాసీ," అన్నారు మా అత్తగారు. ఆవిడకి షుగరు, కుడిచెయ్యి బిగిసిపోయి భుజం దాటి పైకి లేవదు. అందుకే మనవరాలి చేత తల దువ్వించుకుంటున్నారు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మా అమ్మాయి పరిశోధనంతా భుజం మీదే. కీలు చుట్టూ సంచీలా ఒక పొర ఉంటుంది. చనిపోయినవాళ్లు దానమిచ్చిన భుజాల్లోంచి ఆ పొరను పట్టీలుగా కోసి, యంత్రంలో బిగించి, తెగేదాకా లాగుతారు. ఎంత బలానికి ఎంత సాగిందో రాసుకుంటారు. లాగుతున్నంతసేపూ దాని మీద ఉప్పునీళ్లు చిమ్ముతూనే ఉండాలి, ఆరిందంటే గట్టిపడిపోతుంది. షుగరు ఉన్నవాళ్ల పొర మిగతావాళ్ల కంటే బిగుసుకుపోతుందని తేల్చడం ఆమె పని. ఎనిమిది భుజాల్లో మూడు షుగరున్నవాళ్లవి. ఆ మూడూ దాదాపు రెట్టింపు బిగువు చూపించాయట. గైడు పొంగిపోయి ఫోన్ చేశాడు. మర్నాడు పరిశోధన పత్రికకి వ్యాసం పంపాలి. దాన్ని చూశాకే ఉద్యోగం ఖాయం చేస్తామని ఒక ఆసుపత్రివాళ్లు ఎదురుచూస్తున్నారు.

"ఆ సీసా ఎలా కడిగావే?" అని అడిగాను.

"కడిగేదేముంది, నీళ్ల సీసాయేగా? ఒకసారి తొలిపి ఉప్పునీళ్లు పోశా."

"ఎన్నిటికి వాడావు?"

"చివరి మూడింటికి. ఆ షుగరువాళ్లవే. ఏం?"

"ఏం లేదు," అన్నాను.

కాలర్లకి పెట్టే గంజి నేను పోసేది ఆ సీసాలోనే. లోపలి గొట్టంలో గంజి జిగురులా పట్టేస్తుంది. వేణ్ణీళ్లతో మూడుసార్లు కడిగితే గానీ వదలదు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

వంట చేస్తున్నంతసేపూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. గొట్టంలో మిగిలిన కాస్త గంజి ఏం చేస్తుందిలే అని. పిల్ల నాలుగేళ్లు కళ్లలో వత్తులేసుకుని పని చేసిందని. కానీ ఆ అంకెలు నమ్మి రేపు ఎవరో ఒక డాక్టరు మా అత్తగారిలాంటి వాళ్ల బిగిసిన చెయ్యి పట్టుకుని, వదులు చెయ్యడానికి ఇంత బలంతో లాగొచ్చని లాగుతారు. మధ్యాహ్నం అమ్మాయి గదికి వెళ్లి చెప్పేశాను.

అమ్మాయి మొహం పాలిపోయింది. "ఇప్పుడా చెప్పేది?"

"నాకూ పొద్దున్నే తెలిసింది."

"గంజి గుడ్డని బిగిస్తుంది గానీ, ఆ పొరనేం చేస్తుందమ్మా?"

"నాకు తెలీదు. నీకు తెలుసా?"

అమ్మాయి నోట్సు తెరిచి ఆ మూడింటి అంకెలూ మళ్లీ చూసుకుంది.

"మళ్లీ లాగి చూడొచ్చుగా?" అన్నాను.

"తెగేదాకా లాగేశాం. మిగిలిందేం లేదు." నోట్సు మూసేసి, "ఎవరికీ తెలీదమ్మా. నువ్వు చెప్పకపోతే నాకూ తెలిసేది కాదు," అంది.

ఆ మాట నాకు చురుక్కుమంది. చెప్పకుండా ఉండాల్సిందంటుందో, చెప్పి మంచిపని చేశానంటుందో అర్థం కాలేదు. నా మొహం మీదే తలుపేసుకుంది. సాయంత్రం దాకా లోపల ఫోన్‌లో మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

అందరం భోజనాలకు కూర్చున్నాక వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏవే, మీ గైడు తెగ మెచ్చుకున్నాట్టగా? ఇంక నా చెయ్యి లాగించుకోవచ్చా?" అన్నారు అత్తగారు, ఎడంచేత్తో గ్లాసు అందుకుంటూ.

"ఇప్పుడే వద్దు నానమ్మా." కంచం ముందుకు జరుపుకుంది. "రేపు వ్యాసం పంపట్లేదు. ఆ మూడు భుజాలూ పక్కన పెట్టేస్తున్నా. గైడుకి చెప్పేశా, నానా మాటలూ అన్నాడు. షుగరున్నవాళ్ల భుజాలు ఇంకో మూడు దొరికేదాకా ఆగాలి. ఏడాది పట్టొచ్చు."

"మరి ఆ ఉద్యోగం?" అన్నారు మావారు.

"ఆసుపత్రివాళ్లు అన్నాళ్లు ఆగరట నాన్నా. రానని చెప్పేశా."